పాత కార్లు – స్ప్రింగులు, డాంపర్లు

బండి చక్రం ఒక రాయి మీది కెక్కినప్పుడు ఆ కుదుపు లోపల కూర్చున్నవారి నడుము దాకా రాకుండా ఆపడం స్ప్రింగు పని. అట్లా ఆపిన కుదుపు ఏమవుతుంది? స్ప్రింగు దానిని శక్తిరూపంలో తనలో దాచుకొని, మరుక్షణంలోనే తిరిగి ఇచ్చివేస్తుంది. కనుక బండి పైకీ క్రిందికీ ఊగడం మొదలుపెడుతుంది. ఈ ఊపును అణచడానికి వేరొక సాధనం కావాలి. ఇవి రెండు వేర్వేరు పనులనీ, అయినా ఒకదానిని విడిచి రెండవదానిని నిర్ణయించడం సాధ్యం కాదనీ గ్రహించడానికి బండ్లు తయారుచేసేవారికి నూరేండ్లకు పైగా పట్టినది. పాతకాలపు కార్లను బాగుచేయించి నడుపుకొనేవారు నేటికీ తడబడేది ఇక్కడనే.

స్ప్రింగును గూర్చిన మూలసూత్రం చాలా పాతది. స్ప్రింగు ఎంత సాగితే అంత బలంతో వెనుకకు లాగుతుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించినాడు. 1804లో ఒబదయా ఇలియట్ అనే ఆంగ్లేయుడు గుర్రపు బండ్లకు ఒక కొత్త స్ప్రింగు అమర్చి పేటెంటు పొందినాడు. ఉక్కు పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చి, విల్లులా వంచి, అటువంటి రెండు విండ్లను ఎదురెదురుగా కలిపితే అది కోడిగ్రుడ్డు ఆకారంలో ఉంటుంది. దానితో బండి అడుగున ఉండే బరువైన దూలం అవసరం తప్పిపోయినది. లారీల క్రింద నేటికీ కనిపించే పట్టీల స్ప్రింగు ఈ జాతిదే. మన మెకానిక్కులు దానిని కమాను కట్ట అంటారు.

కమాను కట్టలో ఒక సుగుణం అడుగకుండానే వచ్చినది. పట్టీ పట్టీతో రాసుకొన్నప్పుడు పుట్టే ఘర్షణ ఊపును కొంతవరకు అణచివేస్తుంది. గుర్రం పరుగుకు అది చాలును. అందువల్లనే ఊపును గూర్చి ఎవరూ అంతగా ఆలోచించలేదు. 1908 నుండి 1927 వరకు తయారైన ఫోర్డు వారి 'టి' నమూనా కారుకు సైతం ముందొకటి, వెనుకొకటి అడ్డంగా అమర్చిన కమాను కట్టలే తప్ప ఊపును అణచే సాధనం ఏదీ కర్మాగారంలో అమర్చలేదు.

వేగం పెరిగినకొలది పట్టీల ఘర్షణ చాలకపోయినది. ఫ్రాన్సులో ట్రుఫో అనే ఆయన లోహపు పలకల మధ్య బిళ్ళలను బిగించి, అవి ఒరుసుకొనేటట్లు ఒక సాధనం కల్పించినాడు. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ అనే ఆయన దానిని తయారుచేసి అమ్మినాడు. కాని ఘర్షణకు ఒక లోపమున్నది. చలనం మెల్లగా ఉన్నా, వేగంగా ఉన్నా అది ఇంచుమించు ఒకే బలంతో ఎదిరిస్తుంది. చిన్న గతుకులో బిగుసుకొని స్ప్రింగును కదలనీయదు. పెద్ద గుంటలో చాలీచాలనట్లుంటుంది. నూనె అట్లా కాదు. సన్నని రంధ్రం గుండా నూనెను మెల్లగా నెట్టితే సులువుగా పోతుంది, గట్టిగా నెట్టితే గట్టిగా ఎదిరిస్తుంది. ఈ గుణాన్ని వినియోగించుకొని ఫ్రాన్సుకే చెందిన హుడాయ్ రూపొందించిన నూనె సాధనాలను ఫోర్డు వారు తరువాతి 'ఎ' నమూనా కారు నాలుగు చక్రాల వద్దా పెట్టినారు. వీటికి షాక్ అబ్సార్బర్లు, అనగా కుదుపును మ్రింగేవి, అని పేరు వచ్చినది. ఈ పేరు తప్పు. కుదుపును మ్రింగేది స్ప్రింగు. ఈ సాధనం స్ప్రింగులోని ఊపును వేడిగా మార్చివేస్తుంది. ఆంగ్లేయులు వాడే డాంపరు అన్న మాటే సరియైనది.

ఇక స్ప్రింగు ఎంత మెత్తగా ఉండాలి? ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ తొలినాళ్ళలోనే దీనిని మనిషి నడకతో ముడిపెట్టి చూచినాడు. నడిచేటప్పుడు శరీరం లేచి దిగే లయకు మనం అలవాటుపడి ఉన్నాము. బండి కూడా ఆ లయలో ఊగితే బాధ తెలియదు. ఊపుల సంఖ్యను తెలుసుకొనడానికి ఒక చక్కని మార్గమున్నది. బరువు పడినప్పుడు స్ప్రింగు ఎంత క్రుంగునో, అంత పొడవుగల లోలకం ఏ లయలో ఊగునో, బండి కూడా అదే లయలో ఊగుతుంది. 25 సెంటీమీటర్లు క్రుంగితే నిమిషానికి 60 ఊపులు. 6.25 సెంటీమీటర్లే క్రుంగితే 120 ఊపులు. క్రుంగుడు నాల్గవ వంతయితే ఊపులు రెట్టింపు. ఒక దారమూ, ఒక రాయీ ఉంటే ఏ పాఠశాలలోనైనా దీనిని సరిచూడవచ్చును.

అయితే కారుకు ముందూ వెనుకా ఉన్నవి. ఈ చిక్కును విడదీసినవాడు మారిస్ ఓలీ. రోల్స్ రాయిస్ సంస్థలో పనిచేసిన ఈ ఆంగ్ల ఇంజనీరు 1930లో అమెరికాలోని కాడిలాక్ సంస్థకు వెళ్ళినాడు. ఆ రోజులలో కార్ల ముందు స్ప్రింగులు వెనుకటివానికంటె చాలా బిరుసుగా ఉండేవి. ఓలీ ఒక పొడవైన కారుకు కొనల వద్ద జరుపగల బరువులను అమర్చి, స్ప్రింగులను మార్చి మార్చి, మనుషులను కూర్చోబెట్టి ఏది సుఖంగా ఉన్నదో అడిగినాడు. సుఖాన్ని కొలిచే యంత్రం ఏదీ లేదు గదా! ఫలితం అంతవరకున్న అలవాటుకు సరిగా వ్యతిరేకంగా వచ్చినది. గతుకు ముందుగా ముందు చక్రాలకు తగులుతుంది, కొంత ఆలస్యంగా వెనుక చక్రాలకు. వెనుక భాగం కొంచెం త్వరగా ఊగితే ఆ ఆలస్యాన్ని పూడ్చుకొని ముందుభాగంతో కలుస్తుంది. బండి తూగుటుయ్యాలవలె ముందుకూ వెనుకకూ తలవూపకుండా సమంగా లేచి దిగుతుంది. కనుక ముందు స్ప్రింగులే మెత్తగా ఉండాలి. కాని రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు క్రింద మెత్తని స్ప్రింగులు పెడితే, వేగం హెచ్చినప్పుడు తిరుగుతున్న చక్రాలు బొంగరాలవలె ప్రవర్తించి కుడియెడమలకు గజగజ వణకుతవి. అందుకే 1934 నమూనాలలో జనరల్ మోటార్స్ వారు ముందు చక్రాలను దేనికది విడిగా కదిలేటట్లు చేసినారు.

ఈ చరిత్ర తెలియకనే పాత కారుకు బిరుసు స్ప్రింగు తగిలించేవారు కలరు. 1948లో ఇసిగోనిస్ రూపొందించిన మారిస్ మైనరును చూడండి. ముందు చక్రాలకు మెలితిరిగే ఉక్కు కడ్డీలు, వెనుక కమాను కట్టలు. మారిస్ ఆక్స్‌ఫర్డ్‌ను అనుసరించి మన దేశంలో తయారై, 2014లో నిలిచిపోయిన అంబాసిడరు తొలి నమూనాలదీ ఈ పద్ధతే. ముందుభాగం క్రుంగినప్పుడు కడ్డీ మొదలును త్రిప్పి బిగిస్తే కారు పైకి లేస్తుంది. స్ప్రింగు బిరుసెక్కినదని యజమాని అనుకొంటాడు. ఎత్తు మాత్రమే మారినది, బిరుసు మారలేదు. దీనికి వ్యతిరేకమైనది చుట్ట స్ప్రింగు కథ. కారు క్రిందికి దిగాలని పది చుట్లలో ఒకటి కోసివేస్తే, అది మెత్తబడకపోగా సుమారు 11 శాతం బిరుసెక్కుతుంది. తీగ మందాన్ని పదవవంతు పెంచితే బిరుసు 46 శాతం పెరుగుతుంది. చేతికి అందే తేడా ఎంత స్వల్పమో, ఫలితం అంత పెద్దది. చుట్ట స్ప్రింగు మీటవంటి చేతికి సరిగా మధ్యన ఉన్నట్లయితే, చక్రం వద్ద కావలసిన బిరుసుకు నాలుగు రెట్లు స్ప్రింగులో ఉండాలి. కనుక ముందుగా మామూలు ప్రయాణికులతో ఒక్కొక్క చక్రం మోసే బరువును తూచి, ఊపుల సంఖ్యను నిర్ణయించుకొని, ఆ తరువాతనే స్ప్రింగు కోసం వెదకాలి.

డాంపరును ఎన్నుకొనడం అన్నిటికంటె చివరి పని. బరువు మారక స్ప్రింగు బిరుసు రెట్టింపయితే డాంపరు నిరోధం రెట్టింపు కానక్కరలేదు; సుమారు 1.4 రెట్లు చాలును. పాత మెత్తని స్ప్రింగుకు పందెపు కార్ల గట్టి డాంపరు తగిలిస్తే, ఒక గతుకుకు క్రుంగిన చక్రం తిరిగి దిగేలోగా మరొక గతుకు వస్తుంది; వరుస గతుకులపై కారు అంతకంతకూ క్రుంగిపోయి, చివరకు ఇరుసు రబ్బరు దిమ్మెలకు కొట్టుకొంటుంది. అప్పుడు స్ప్రింగు ఉన్నా లేనట్లే. చక్రం రోడ్డును విడిస్తే బ్రేకు పట్టు కూడా పోతుంది.

మారిస్ మైనరు విషయంలో మరొక జాగ్రత్త అవసరం. దాని ముందు డాంపరు చేయే చక్రాన్ని పైన పట్టి ఉంచే చేయి కూడాను. దానిని ఊడదీసి గొట్టపు డాంపరు పెట్టడం కుదరదు. చక్రాన్ని పట్టుకొనేది మిగలదు. వెనుక డాంపర్లకు ఆ చిక్కు లేదు. అయితే మార్చడానికి ముందు మూత తీసి నూనె ఉన్నదో లేదో చూడడం మంచిది. నూనె కారిపోయిన డాంపరు పాడైనదానివలెనే ప్రవర్తిస్తుంది. కారు మూలను చేతితో అదిమి విడిచిపెడితే అది ఒకసారి లేచి నిలువాలి. రెండుమూడు సార్లు ఊగితే డాంపరు పని చేయడం లేదన్నమాట. కీళ్ళు తుప్పుపట్టి బిగుసుకొన్న కారు మాత్రం డాంపరు లేకున్నా ఊగదు. కనుక కీళ్ళకు గ్రీజు పెట్టిన తరువాతనే ఈ పరీక్ష చేయాలి.