గొలుసు సాగదు, అరుగుతుంది

మా నాన్నగారి బుల్లెట్‌కు ఈమధ్య కొత్త గొలుసు వేయించాను. గొలుసుతోబాటు ముందువెనుకల పళ్ళచక్రాలు రెండూ మార్పించాను. స్ప్రాకెట్‌ను పళ్ళచక్రం అన్నందుకు మిత్రులు నవ్వవచ్చు. షెడ్డులో దానిని ‘సాకెట్’ అంటారు. ఆ మాటకంటె ఇదే నయమని నా మనవి. 1986లో కొన్న ఆ బండికి ఈ మూడూ ఒకేసారి మారడం ఇదే మొదలు.

నాన్నగారి పద్ధతి వేరు. గొలుసు వదులైతే వెనుక ఇరుసుకు రెండువైపులా ఉండే నత్తగుల్ల ఆకారపు క్యాములను ఒక్కొక్క గాటు తిప్పేవారు. గాట్లు అయిపోతే ఒక జత లింకులు తీయించేవారు. అదీ చాలనప్పుడు కొత్త గొలుసు కొని పాత చక్రాలమీదనే వేయించేవారు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక రాత్రి, ఊరికి నాలుగు మైళ్ళ దూరాన, అట్లా వేయించిన గొలుసే పళ్ళమీదినుంచి జారి పడిపోయింది. “గొలుసు సాగిందిరా” అన్నారాయన. బండిని ఇంటిదాకా తోసుకొచ్చాము. దారి పొడుగునా ఆయన పిసినారితనాన్ని మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను.

గొలుసు సాగింది అన్న మాట అందరమూ అంటాము. కాని ఉక్కు రేకులు అట్లా సాగవు. మరి గొలుసు పొడుగెందుకవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు నూట నలభై ఏళ్ళ క్రితమే ఒకాయనకు తెలుసు.

పళ్ళచక్రంమీద గొలుసు నడపడమనే ఊహ చాలా పాతది. పదకొండో శతాబ్దం చివర చైనాలో సు సుంగ్ కట్టిన గడియారపు గోపురంలో అటువంటి గొలుసు ఉండేది. లియొనార్డో డావించీ కాగితాలలో నేటి గొలుసును తలపించే బొమ్మలున్నాయి. అయితే బొమ్మ గీయడం వేరు, రోజంతా బరువు లాగుతూ నెలల తరబడి నిలిచే గొలుసు చేయడం వేరు. ఆ అవసరం పందొమ్మిదో శతాబ్దపు నూలుమిల్లులు తెచ్చిపెట్టాయి. మన నేతగాళ్ళ మగ్గాలను మూలపడేసిన బట్ట నేసిన మాంచెస్టరు ప్రాంతమే బండి గొలుసుకు కూడా పుట్టినిల్లు.

1864లో జేమ్స్ స్లేటర్ అనే ఆయన రోలరు గొలుసుకు పేటెంటు పొందాడు. సాల్ఫర్డులో ఆయనకు మిల్లుల గొలుసులు చేసే చిన్న కర్మాగారముండేది. ఆ గొలుసులో ఒక లోపముంది. లింకు తిరిగినప్పుడల్లా పిన్ను పలచని రేకు అంచుకు రాసుకునేది. ఒత్తిడంతా ఆ సన్నని అంచుమీదనే. పిన్ను త్వరగా గాటుపడేది, రంధ్రం కోలగా మారేది.

హాన్స్ రెనాల్డ్ స్విట్జర్లండువాడు. 1873లో మాంచెస్టరు వచ్చాడు. 1879లో స్లేటర్ వ్యాపారాన్ని కొన్నాడు. మరుసటి యేడే, అంటే 1880లో, ఆ లోపానికి మందు కనిపెట్టాడు. లోపలి రేకులు రెండింటినీ కలుపుతూ ఒక చిన్న గొట్టం బిగించాడు. దానినే బుష్ అంటున్నాము. పిన్ను ఇప్పుడు రేకు అంచుమీద గాక, గొట్టం పొడవునా ఆని తిరుగుతుంది. గొట్టంపైన రోలరు వేరుగా దొర్లుతుంది. ఒత్తిడి పరచుకున్నది, అరుగుదల తగ్గింది. మారింది ఇంతే. ఈనాటికీ మన బళ్ళకు వేసే గొలుసు ఇదే. ఓ రింగులు, ఎక్స్ రింగులు వచ్చినా అవి ఆ గొట్టంలో గ్రీజును కాపాడే కావలివాళ్ళు మాత్రమే.

అరుగుదల తగ్గిందే గాని పోలేదు. లెక్క చూడండి. బుల్లెట్ గొలుసులో ఒక పిన్నునుంచి పక్క పిన్నుకు దూరం అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులు, అంటే 15.875 మిల్లీమీటర్లు. ఒక్కొక్క కీలు దగ్గర 0.15 మిల్లీమీటరు అరిగిందనుకుందాము. చేతికి తెలియదు, కంటికి ఆనదు. అటువంటివి నూరు కలిస్తే 15 మిల్లీమీటర్లు, దాదాపు ఒక లింకు పొడుగు! గొలుసు సాగిందనుకునేది దీనినే.

ఈ అంగుళాల సంగతీ చిత్రమే. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది. 1985లో హోండా సాంకేతికతతో సీడీ 100 వచ్చింది. అయినా అటువంటి నూరు సీసీ బళ్ళ గొలుసు కొలత అర అంగుళమే, సైకిలు గొలుసుదీ అదే. 428 అన్న అంకెలో మొదటి 4 అంగుళంలో ఎనిమిదింట నాలుగు వంతులని అర్థం. దొరల కొలత రోడ్లమీదినుంచి పోయింది గాని గొలుసులోనుంచి పోలేదు.

మోటారుసైకిలు మాత్రం గొలుసును వెంటనే నమ్మలేదు. 1901లో వచ్చిన మొదటి రాయల్ ఎన్‌ఫీల్డు బండికి తోలు బెల్టే. బెల్టు మెత్తగా లాగుతుంది, కాని వానలో జారుతుంది. 1911లో మాన్ ద్వీపపు సీనియర్ పందెం తొలిసారి కొండదారిలో జరిగినప్పుడు, గొలుసుతో నడిచే ఇండియన్ బళ్ళు మొదటి మూడు స్థానాలూ కొట్టాయి. పేరు ఇండియన్, కంపెనీ అమెరికాది.

గొలుసు ఎంత మంచిదైనా చక్రం మంచిది కాకపోతే వృథా అని రైట్ సోదరులకు ఇంకా ముందే తెలిసింది. వాళ్ళు సైకిళ్ళు బాగుచేసి బతికినవాళ్ళు. తమ విమానంలో ఇంజను శక్తిని రెండు ప్రొపెల్లర్లకు గొలుసులతోనే అందించారు. 1903 నవంబరులో ఇంజను అదురుకు పళ్ళచక్రాలు మాటిమాటికీ వదులైపోయాయి. ఎంత బిగించినా నిలవలేదు. చివరకు సైకిలు టైర్లు అతికించే జిగురు పోసి నిలబెట్టారు. డిసెంబరు 17న విమానం ఎగిరింది. గొలుసు, రెండు చక్రాలు కలిసి ఒకే యంత్రమని, ఏ ఒక్కదానినీ విడిగా చూడరాదని ఆ ఉదంతం చెబుతున్నది.

నాన్నగారి బండి దగ్గర జరిగిందీ అదే. అరిగి పొడుగైన గొలుసు పళ్ళ సందులో సరిగా కూర్చోదు. పంటి కొనవైపు ఎక్కుతుంది. పళ్ళు కొక్కేల్లా ఒకవైపుకు వంగినట్టు అరుగుతాయి. ఆ పళ్ళమీద కొత్త గొలుసు వేస్తే బరువంతా కొద్ది పళ్ళమీదనే పడి, కొత్తది కూడా పాతదాని కొలతకు వచ్చేదాకా అరుగుతుంది. ముందరి చక్రం చిన్నది గనుక వెనుకదానికంటె రెండింతలకు పైగా తిరుగుతుంది, ముందుగా పోయేదీ అదే.

మరి ఆయన చక్రాలెందుకు మార్చలేదు? మొన్న షెడ్డులో కూర్చుని చూస్తే తెలిసింది. ఎడమవైపు ఫుట్‌రెస్టు, బ్రేకు పెడలు విప్పాలి. పెద్ద మూత ఒకే నట్టుమీద నిలిచి ఉంటుంది. అది తీస్తే లోపలి నూనె కారుతుంది. క్లచ్చి, దానితో లోపలి గొలుసు తీస్తే గాని గేరుబాక్సు చక్రం కనబడదు. వెనుక 38 పళ్ళ చక్రమూ బ్రేకు డ్రమ్మూ ఒకే పోత. పళ్ళు పోతే డ్రమ్ము కూడా కొనవలసిందే. గొలుసు మార్చడం గంట పని, మూడూ మార్చడం రోజు పని, ఒక బడిపంతులు జీతంలో పెద్ద ముక్క.

మెకానిక్కు ముందరి చక్రాన్ని నా చేతిలో పెట్టాడు. పళ్ళన్నీ కొడవళ్ళు. కొన్నప్పటిదే. మూడు గొలుసులను తిన్నది.

ఇంటికి వచ్చి నాన్నగారి జమాఖర్చుల పుస్తకం తీశాను. ఆ రాత్రి బండి తోసిన నెల పుటలో ఆయన దస్తూరిలో ‘చైను మాత్రమే’ అని ఉంది. మాత్రమే అన్న మాట ఎందుకు రాశారో నాకిప్పుడు తెలుసు. మిగతావీ మార్చాలని ఆయనకు తెలుసునన్నమాట. దాని కింది పద్దు అక్క కాలేజీ ఫీజు, ఆ కింద నా పుస్తకాలు.

కొత్త గొలుసుకు లాకు వేసేటప్పుడు క్లిప్పు మూసిన కొన గొలుసు నడిచే దిక్కుకు ఉండాలి. తెరిచిన కొన ముందుంటే ఏదైనా తగిలి ఊడే ప్రమాదముంది. మెకానిక్కు పెట్టిన తరువాత నేనూ వంగి ఒకసారి చూసుకున్నాను. పాత చక్రాన్ని పాత ఇనుముకు వేయలేదు. జమాఖర్చుల పుస్తకం పక్కన అలమరలో పెట్టాను.