నింద మోసిన సంకేతము

ఉదయము లేచి వ్రేళ్లు ముడుచుకొనలేక బాధపడు పెద్దలను మనము చూచియుందుము. రుమటాయిడ్ కీళ్లవాతమున ఏ క్రిమియు కీళ్లను కొరుకుటలేదు. మనకు కావలియున్న కణములే మనపై తిరుగబడుచున్నవి. 1901 ప్రాంతమున జర్మనీ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్, శరీరము అట్టి పనికి వెరచునని తలచి, ఆ వెరపునకు 'హారర్ ఆటోటాక్సికస్' అని పేరిడెను. ఆయన మాటపై గౌరవముచే పలువురు చిరకాలము ఆ దిక్కునకే చూడలేదు. 1956లో అమెరికాలో నోయెల్ రోజ్, ఎర్నెస్ట్ విటెబ్‌స్కీ కుందేళ్లకు కుందేటి థైరాయిడ్ సారమునే ఎక్కించి చూడగా, వాని గ్రంథులు వాచి చెడినవి.

తిరుగబాటు నిజమేనని తేలినది. మరి దానిని నేర్పువారెవరు?

థైమస్ గ్రంథినుండి వెడలిన లేత టి-కణమునకు ఇంకను వృత్తి కుదిరియుండదు. కుర్రవాడు ఏ మేస్త్రి చేతిక్రింద చేరిన ఆ పని నేర్చినట్లు, చుట్టునున్న కణములు వెలువరించు సైటోకైన్లను సంకేతములను బట్టి అది ఎదుగును. 1986లో కాలిఫోర్నియాలో మోస్మన్, కాఫ్మన్ ఇట్టి సహాయక టి-కణములలో రెండు తెగలు గుర్తించిరి. మొదటి తెగను పెంచునది ఇంటర్ల్యూకిన్-12 అని తరువాత తెలిసెను. అవయవములను చెరచు వ్యాధులకు ఆ తెగయే మూలమని శాస్త్రలోకము నమ్మినది.

నమ్మకమునకు ఆధారము లేకపోలేదు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను పోలిన నరముల వ్యాధిని చుంచెలుకలకు కల్పించి పరీక్షించుట పరిశోధకులకు వాడుక. ఇంటర్ల్యూకిన్-12లోని రెండు తునకలలో పి-40 అనునది లేని ఎలుకలకు ఆ వ్యాధి రాలేదు. నేరము రుజువైనట్లే! కాని రెండవ తునకయగు పి-35 లేనివి జబ్బుపడినవి. మొదటి తెగకు ముఖ్యాయుధమగు గామా ఇంటర్‌ఫెరాన్ లేని ఎలుకలలో వ్యాధి తగ్గుటకు మారుగా ముదిరినది.

2000లో చిక్కుముడి కొస దొరికెను. అదే పి-40, పి-19 అను మరియొక తునకతో జతకట్టి ఇంటర్ల్యూకిన్-23 అగుచున్నది. 2003లో డేనియల్ క్యువా బృందము పి-19 లేని ఎలుకలను పరీక్షింపగా వానికి వ్యాధి సోకలేదు. ఇంటిపేరొకటైనంత మాత్రమున ఒకరి నేరమునకు వేరొకరు బోనెక్కినట్లైనది! 2005లో అసలు ముద్దాయికి టి-హెచ్-17 అను మూడవ తెగగా గుర్తింపు లభించెను.

మాకు మిక్కిలి వింత గొలుపునది 2006నాటి ఫలితము. టి-జి-ఎఫ్ బీటా అను సంకేతము ఒంటరిగా తాకిన లేత కణము, తోటి కణములను అదుపుచేయు శాంతిరక్షకుడగును. జపానున షిమోన్ సకగుచి 1995లో గుర్తించిన రక్షకజాతి ఇట్టిదే. అందులకాయనకు మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లతోబాటు 2025లో నోబెల్ బహుమానము లభించినది. అదే సంకేతమునకు ఇంటర్ల్యూకిన్-6 తోడైనచో, అదే కణము టి-హెచ్-17 అగును. వాపుగల చోట ఇంటర్ల్యూకిన్-6నకు కొదువలేదు. ఇంటర్ల్యూకిన్-23 పని ఆ తరువాతిది. అది ఆ తెగను స్థిరపరచి, దాని కోరలకు పదును పెట్టును.

ఇంటర్ల్యూకిన్-6 కబురు కణములకందకుండ చేయు టోసిలిజుమాబ్‌ను 2008లో జపాను కీళ్లవాతమునకు అనుమతించినది. పి-40ని పట్టివేయు ఉస్టెకినుమాబ్ 2009నుండి అమెరికాలో సోరియాసిస్ అను చర్మవ్యాధికి వాడుకలోనికి వచ్చెను. ఎలుకల లెక్క ప్రకారము అది మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులకును ఉపకరింపవలెను. 2008లో వెలువడిన పరీక్షాఫలితమున వారికి మేలేమియు కనబడలేదు.