శృంగారము, అశ్లీలము: ఎల్లల చరిత్ర

చిల్లకల్లునకు చేరువనున్న జగ్గయ్యపేటలో, 1882లో జేమ్సు బర్జెస్సు పరిశోధించిన బౌద్ధస్తూపమునొద్ద, ఇక్ష్వాకుప్రభువైన వీరపురుషదత్తుని నాటి దానశాసనము ప్రాకృతభాషలో నున్నది. విరక్తిని బోధించిన ధర్మమునకు వాహికయైన ప్రాకృతమే, శాతవాహనరాజు హాలుని పేర వెలసిన గాథాసప్తశతిలో పల్లెపడుచుల వలపులను, పొలముగట్ల సంకేతములను, ఇల్లాండ్ర అలుకలను పలికినది. నాగార్జునకొండ శిల్పులు భిక్షువుల విహారసీమలోనే మిథునశిల్పములను మలచిరి. కృష్ణాతీరవాసులు వైరాగ్యమునకును వలపునకును ఒక్క నేలపై చోటిచ్చిరనుటకు ఇంతకుమించిన సాక్ష్యము వలదు.

అంతమాత్రమున మనవారు ఎల్లలు గీయలేదని తలపరాదు. తొమ్మిదవ శతాబ్దమున ఆనందవర్ధనుడు, దేవతాదంపతుల సంభోగమును వర్ణించుట తల్లిదండ్రుల యేకాంతమును వర్ణించుటవలె అనుచితమని చెప్పి, కుమారసంభవమందు ఆ దోషము కాళిదాసుని ప్రతిభచే మఱుగుపడినదని నిర్ణయించెను. మమ్మటుడు అశ్లీలమును కావ్యదోషములలో చేర్చి, వ్రీడను పుట్టించునది, జుగుప్సను పుట్టించునది, అమంగళమును స్ఫురింపజేయునది యని దానిని మూడు తెఱగుల విభజించెను. వీరికి కొలబద్ద వస్తువు కాదు, ఔచిత్యము; ఆ కొలతయు సహృదయుల గోష్ఠిలో జరిగినదేకాని న్యాయస్థానమున జరిగినది కాదు.

కృష్ణామండలమునందలి మొవ్వ గ్రామమునకు చెందిన క్షేత్రయ్య, పదునేడవ శతాబ్దమున తంజావూరి విజయరాఘవనాయకుని ఆదరమునొంది, మువ్వగోపాలుని నాయకునిగా నిలిపి రచించిన పదములలో తఱచుగా నాయికయే మాటలాడును. అలుగును, ఆక్షేపించును, మాట తప్పిన ప్రియుని నిలదీయును. ఆ పదములను తరతరములుగా కంఠస్థముచేసి, అభినయించి, మనకందించినవారు కళావంతుల కుటుంబముల స్త్రీలు. ఆ మార్గముననే, తంజావూరి మరాఠాప్రభువైన ప్రతాపసింహుని (1739-1763) ఆస్థానమున నుండిన కళావంతుల స్త్రీ ముద్దుపళని రాధికాసాంత్వనమును రచించెను. తాను పెంచిన ఇళను కృష్ణునకిచ్చి పెండ్లిచేసి, పిమ్మట విరహముచే కుమిలిపోయిన రాధను కృష్ణుడు బ్రతిమాలి యూరడించుట అందలి కథ. పురుషుడు కోరుటయు, స్త్రీ కోరబడుటయు పూర్వకావ్యములలో వాడుక కాగా, ఇచట కోరునదియు స్త్రీయే, ఆ కోరికను నోరువిప్పి చెప్పునదియు స్త్రీయే.

పందొమ్మిదవ శతాబ్దమున ఈ స్థితి సమూలముగా మాఱెను. అచ్చుయంత్రము గోష్ఠిలోని పదమును అంగడిలోని పుస్తకముగా చేసెను. 1860నాటి భారతశిక్షాస్మృతి 292వ విభాగమున అశ్లీలగ్రంథవిక్రయమును నేరముగా పరిగణించెను. 1868లో ఇంగ్లండు న్యాయమూర్తి కాక్‌బర్న్, హిక్లిన్ వ్యాజ్యమున, చెడుప్రభావమునకు లోబడదగిన మనస్సులను చెఱచు ప్రవృత్తి గల రచన అశ్లీలమని తీర్పుచెప్పెను. సహృదయుని యెదుట నిలిచి పరీక్షనొందిన కావ్యము, నాటినుండి, అత్యంతదుర్బలుడైన పాఠకుని యెదుట నిలువవలసి వచ్చెను.

మైసూరు సంస్థానమున పుట్టి మదరాసున కీర్తినందిన గాయని బెంగుళూరు నాగరత్నమ్మ (1878-1952) యీ సంధికాలమున ముద్దుపళని కావ్యమును చేపట్టెను. అంతకుముందు అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యములును, కవయిత్రి తన వంశమును చెప్పుకొన్న భాగమును లోపించుట గమనించి, వ్రాతప్రతిని సంపాదించి, 1910లో వావిళ్లవారిచే సమగ్రముగా ప్రకటింపజేసెను. వితంతువుల కన్నీరు తుడిచిన మహనీయుడు కందుకూరి వీరేశలింగము పంతులుగారు అంతకుముందే తమ ఆంధ్రకవుల చరిత్రమున ముద్దుపళని పాండిత్యమును మెచ్చుచునే, ఆమె వృత్తిని తక్కువచేసి, స్త్రీ పలుకరాని పలుకులు పలికెనని గర్హించియుండిరి. నాగరత్నమ్మ తన పీఠికయందు దానికి సమాధానముగా, సిగ్గు స్త్రీలకేగాని పురుషులకు వలదా యని ప్రశ్నించి, పురుషులు రచించిన ఇంతకంటె ఘాటైన కావ్యములు పండితాదరము పొందుచుండుటను ఎత్తిచూపెను. ఆ ప్రశ్నకు ఉత్తరము రాలేదు, నిషేధము వచ్చెను. 1911లో ప్రభుత్వము ప్రతులను స్వాధీనముచేసికొనగా, టంగుటూరి ప్రకాశం పంతులుగారి మంత్రివర్గకాలమునగాని (1946-47) ఆ గ్రంథమునకు విడుదల లభింపలేదు. 1952లో వావిళ్లవారు దానిని మరల ముద్రించిరి. గ్రంథము విడుదలయైన ఆ రోజులలోనే, 1947లో, మదరాసు శాసనసభ దేవదాసీ సమర్పణమును నిషేధించెను. స్త్రీని దురాచారమునుండి విడిపించుటయు, స్త్రీ రచించిన కావ్యమును సంకెలనుండి విడిపించుటయు పరస్పరవిరుద్ధములు కావని ఆనాటి పెద్దలు గ్రహించుట మనకు గర్వకారణము.

తరువాతి చరిత్రలోను ఈ తగవే మాఱురూపున కానవచ్చును. 1927లో వెలువడిన చలముగారి మైదానము నీతిబాహ్యమని నిందింపబడెను. పురుషుల చూపులను, స్త్రీదేహపు వేదనను వర్ణించిన కవయిత్రులపై నీలికవితల ముద్ర పడగా, 1993లో ఓల్గా సంపాదకత్వమున నీలిమేఘాలు సంకలనము వెలువడెను. న్యాయస్థానముల దృష్టియు క్రమముగా విశాలమయ్యెను. 1964లో ఉదేశీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు హిక్లిన్ సూత్రమునే అంగీకరించి ఆంగ్లరచయిత లారెన్సు నవలను అమ్మిన బొంబాయి వర్తకుని శిక్షను స్థిరపఱచినను, శిక్షాస్మృతికి 1969లో జరిగిన సవరణము శాస్త్రసాహిత్యకళలకు మినహాయింపునిచ్చెను; 2014లో అవీక్ సర్కార్ తీర్పు ఆ పాతసూత్రమును విడనాడి, సమకాలిక సమాజప్రమాణమునుబట్టి రచనను సమగ్రముగా చూడవలెనని చెప్పెను.

ఈ చరిత్రనంతయు పరికించినచో, సమాజము గీసిన యెల్ల పలుమారులు ఏమి చెప్పిరనుదానిపైగాక ఎవరు చెప్పిరనుదానిపై ఆధారపడినదని తేటపడును. నా దృష్టిలో నిజమైన భేదము వేఱొకచోట నున్నది. శృంగారరచనలో ఇరువురు మనుష్యులుందురు. వారికి మనస్సు, మాట, కాదనగల స్వేచ్ఛ యుండును. దేహమును మనిషినుండి వేఱుచేసి అమ్మకపు సరకుగా చూపునది అశ్లీలవ్యాపారము. ముద్దుపళని రాధకు కోపమున్నది, అసూయయున్నది, అభిమానమున్నది. కనుకనే ఆమె సరకు కాజాలదు.

నేడు చిల్లకల్లు మీదుగా పోవు జాతీయరహదారిపై ప్రయాణించు ప్రతివాని చేతిలోను ఫోనున్నది. ఎదుటివారి యనుమతిలేక తీసిన చిత్రము, పగతో పంచిన వీడియో, పసివారి దేహమును వస్తువుగా చేసిన దృశ్యము: చట్టము తన బలమునంతయు చూపవలసినది వీనిపైననే. కావ్యమును కావ్యముగా చదివి తీర్పుచెప్పు బాధ్యత పాఠకులకు విడువదగినది. మన గ్రంథాలయములలో కుమారసంభవముండిన బీరువాయందే రాధికాసాంత్వనమును ఉండవలెను. మన పాఠశాలలలో యుక్తవయస్కులకు పరస్పరసమ్మతియొక్క విలువను అధ్యాపకులు సంకోచింపక బోధింపవలెను. ఈ రెండును జరిగిననాడు మనము గీయు ఎల్ల న్యాయసమ్మతమగును.