తాళంచెవి ఎవరి దగ్గర?

పేరు బెల్లంకొండ. చీమలు పట్టాల్సిన చోటు! పట్టినవి మాత్రం సైన్యాలు. రెడ్డిరాజుల నాటి ఆ కొండకోట గజపతుల పాలయింది. 1515 నాటి దండయాత్రలో కొండవీటితో పాటు దీన్నీ శ్రీకృష్ణదేవరాయలు గెలుచుకున్నాడు. ఆయుధం వున్నవాడిదే మాటగా సాగిన రోజులవి.

ఇంగ్లీషువాళ్లు వచ్చి ఆ మాట తమ ఒక్కరిదే కావాలన్నారు. 1878 ఆయుధాల చట్టంతో లైసెన్సు లేనిదే మనవాళ్లు తుపాకీ ముట్టరాదన్నారు. తెల్లవాళ్లకు మాత్రం వెసులుబాటు! దాని అర్థం ఇదే పల్నాటికి 1922 ఫిబ్రవరిలో తెలిసొచ్చింది. పశువుల మేతకు పుల్లరి కట్టబోమన్న కన్నెగంటి హనుమంతు పోలీసు తుపాకులకు బలయ్యాడు.

ఇలాంటివి చూసిన జాతి కనుక, 1931లో కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల జాబితాలో, నిబంధనలకు లోబడి ఆయుధం వుంచుకునే హక్కునూ చేర్చింది.

తర్వాత స్వరాజ్యం వచ్చింది. మన దుర్గాబాయమ్మ కూడా సభ్యురాలిగా వున్న రాజ్యాంగ సభలో, 1948 డిసెంబరులో హెచ్.వి.కామత్ ఆ పాత మాట గుర్తుచేసి సవరణ తెచ్చాడు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. అందరికీ హక్కంటే దొంగలకూ హక్కేనన్నాడు. సవరణ వీగిపోయింది. రాజ్యాంగంలో మిగిలింది, ఆయుధాలు లేకుండా శాంతంగా సమావేశమయ్యే హక్కు. సిక్కుల కృపాణానికి మాత్రం మతస్వేచ్ఛ కింద చోటిచ్చారు. తుపాకీ కావాలంటే ఇప్పటికీ లైసెన్సే గతి.

ఇది మాట తప్పడమేనా? కామత్ భయం ఉత్తది కాదు. దొర మారినంత మాత్రాన లాఠీ మెత్తబడదు. 1791లో అమెరికావాళ్లు ఆ భయంతోనేగా తుపాకీని రాజ్యాంగంలోకి ఎక్కించుకున్నది!

కాని ఒక్క మాట ఆలోచించండి. మన ఇంటికి తుపాకీ వచ్చిందనుకోండి. బీరువా తాళంచెవి ఎవరి మొలతాడుకు వేలాడుతుంది? అత్తగారికిస్తారా, కోడలికిస్తారా? హక్కు అందరిదనే రాస్తారు, తుపాకీ మాత్రం ఇంట్లో గట్టిగా అరిచేవాడి చేతికే పోతుంది.

అదే రాజ్యాంగం మరొకటి ఇచ్చింది. 1951-52 తొలి ఎన్నికల్లోనే ఆడా మగా తేడా లేకుండా ఓటు. హనుమంతుకు తనను ఏలేవాళ్లను దించే దారి లేదు, మనకు వుంది. పైగా ఓటుకు బీరువా అక్కర్లేదు. అత్తగారిది అత్తగారిదే, కోడలిది కోడలిదే.

ఎవరికి వేశావని ఇంటాయన అడిగితే నవ్వి ఊరుకోవచ్చు కూడా!