సంజాయిషీ

ఆఫీసులో ఒకడి మీద తోటివాడు పైవాడికి చెప్పాడనుకోండి. ఆ తర్వాత జరిగేదంతా ఒక వరసలో జరుగుతుంది. ముందు ఫిర్యాదు. ఆ పైన తాకీదు. ఫలానా రోజు ఫలానా వేళకి హాజరు కమ్మంటారు. దర్యాప్తు చేస్తారు. సంజాయిషీ అడుగుతారు. అది నచ్చకపోతే జుల్మానా. ఇంకా ముదిరితే బర్తరఫ్.

ఈ ఏడు మాటల్లో ఒక్కటీ నన్నయ నాటి తెలుగు కాదు. ఏడూ పారసీ, అరబ్బీ, హిందుస్తానీ దారుల్లో వచ్చి ఇక్కడ స్థిరపడ్డవే. చాడీ మాత్రం తెలుగే. కొండెం తెలుగే. చీవాట్లూ, మందలింపూ తెలుగే. అంటే చెవిలో ఊదే దాకా తెలుగు తన మాటలతోనే సర్దుకుంది. ఆ ఊదింది కాగితం మీదికెక్కాక మా మాటలు కావాల్సి వచ్చాయి. తేడా చిన్నది కాదు. చెవిలో పడ్డదానికి జవాబుండదు. కాగితం మీద ఉన్నదానికే జవాబుంటుంది.

ఇంట్లో ఉర్దూ, బళ్లో తెలుగు నేర్చుకుని, రెండింటితోనూ రాసి బతుకుతున్నవాణ్ణి కాబట్టి ఈ మాటల వెంట కొంచెం నడుస్తాను. మీరూ రండి.

గోదావరి ఒడ్డుకి ఈ మాటలు నిన్న మొన్న రాలేదు. రాజమండ్రి మసీదు మీది శాసనం 1324 నాటిది. 16వ శతాబ్దంలో కుతుబ్‌షాహీలు వచ్చారు. తర్వాత మొగలులు, ఆ తర్వాత నిజాములు. 1766లో నిజాముతో ఒప్పందం చేసుకుని ఉత్తర సర్కార్లను కుంఫిణీ తీసుకుంది. దొర మారాడు గానీ దఫ్తరం మారలేదు. అర్జీ అర్జీగానే ఉంది, గుమాస్తా గుమాస్తాగానే ఉన్నాడు. సిబ్బంది, బదిలీ, రాజీనామా, తనిఖీ అన్నీ అలాగే ఉండిపోయాయి. ఆ గుమాస్తాల్లో ఎక్కువమంది బ్రాహ్మణులూ నియోగులూ కరణాలే. కాబట్టి ఈ మాటల్ని తురకలు కత్తి చూపించి తెలుగు నోట్లో కుక్కారనే కథ కుదరదు. కలం పట్టినవాడు తన అవసరానికి తానే తీసుకున్నాడు.

రాజమండ్రిలో కూడా కొలువు చేసిన సి.పి. బ్రౌను ఈ సంగతి బాగా పట్టుకున్నాడు. ఈ మాటలు తెలియకపోతే కచేరీ కాగితం చదవలేమని ఆయనకి తెలుసు. 1852లో జిల్లా నిఘంటువు అచ్చు వేశాడు. 1854లో తెలుగులో వాడే మిశ్రభాషా పదాలకీ అన్యదేశ్యాలకీ వేరే నిఘంటువు వేశాడు. ఆయన చేసింది మేలే. కానీ ఆ ‘వేరే’ అన్నది చూడండి. అసలు పుస్తకం ఒకటి, ఈ మాటలకి ఇంకొకటి. మన వ్యాకరణం వాటికి పెట్టిన పేరు అన్యదేశ్యాలు. పొద్దున లేస్తే నోటి వెంట వచ్చే మాట, పక్క దేశం మాట! మాట సంగతే ఇలా ఉంటే మనిషి సంగతి చెప్పాలా?

మాటలు మనతో ఉండి ఏమయ్యాయో చూస్తే ఇంకా విచిత్రంగా ఉంటుంది. పారసీలో ‘ఫర్యాద్’ అంటే ఆపదలో ఉన్నవాడి కేక. నన్ను కాపాడమని మొర. తెలుగులో ఫిర్యాదు అంటే ఇంకొకడి మీద చెప్పడం. మొర కాస్తా వేలు చూపించడం అయింది. ‘జుర్మానా’ జుర్మ్ నుంచి వచ్చింది. జుర్మ్ అంటే నేరం. తెలుగు నోట్లో అది జుల్మానా అయింది. జుల్మ్ అంటే అన్యాయం! జరిమానా కట్టినవాడి కడుపుమంట ఆ మాటని మార్చేసిందేమో అనిపిస్తుంది.

పితూరీ సంగతి మరీను. ‘ఫితూర్’ అంటే అల్లరి, కలత, తిరుగుబాటు. 1879లో రాజమండ్రికి ఎగువన మన్యంలో రంప ప్రాంతం భగ్గుమంది. కల్లు మీద పన్ను, మన్సబ్దారు దౌర్జన్యం, పోలీసుల వేధింపు తట్టుకోలేక కొండవాళ్లు లేచారు. దాన్ని సర్కారు కాగితాలు రంప ఫితూరీ అని రాసుకున్నాయి. 1922లో అల్లూరి సీతారామరాజు లేచినప్పుడూ అదే మాట. ఆ లేవడానికి ముందు గూడెం రోడ్డు పనుల్లో కూలీ సరిగా ఇవ్వలేదన్న మొర ఉంది. మొర వినేవాడు లేనప్పుడే పితూరీ పుడుతుంది.

అదే మాట మన్యం దిగి డెల్టాకి వచ్చేసరికి ఏమైంది? “వాడు పితూరీలు చెబుతాడ్రా” అంటే మనకి తెలిసిన అర్థం ఏమిటి? అధికారం మీద తిరగబడే మాట, అధికారం చెవిలో గుసగుసలాడే మాట అయిపోయింది. కొండ మీద దొరకి ఎదురు నిలిచినవాడిదీ పితూరీయే, ఆఫీసులో దొర గది తలుపు మెల్లగా తోసేవాడిదీ పితూరీయే. ఒక జిల్లాలో ఒక్క మాట ఇంత దూరం జారిపోయింది.

ఇప్పుడు మా కడియం చూద్దాం. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పక్కనే ఉంది. ఆ కాలవ నీళ్లే కడియపులంక, బుర్రిలంక, పొట్టిలంక, వేమగిరి దాకా నర్సరీలను పచ్చగా ఉంచాయి. హైవే మీద పోయేవాళ్లు కారాపి పూలు చూసి ముచ్చటపడతారు. ఆ పూల వెనక సంచుల్లో మట్టి నింపే ఆడవాళ్లున్నారు, అంట్లు కట్టేవాళ్లున్నారు, లారీలకి మొక్కలెక్కించేవాళ్లున్నారు. వాళ్లలో అన్ని కులాలవాళ్లూ ఉన్నారు. వాళ్ల మీద మేస్త్రీ ఉంటాడు. ఆ మాట పోర్చుగీసువాళ్లు ఇచ్చి పోయింది. పక్కవాడు మేస్త్రీకి చెబుతాడు, మేస్త్రీ ఓనరుకి చెబుతాడు. సాయంత్రం కూలి చేతిలో పెట్టి, “రేపట్నించి రావక్కర్లేదులే” అంటారు. అంతే. తాకీదు లేదు, దర్యాప్తు లేదు, సంజాయిషీ లేదు. నేను పైన చెప్పిన ఏడు మాటల్లో ఒక్కటీ ఆ మనిషికి అందలేదు, చివరి బర్తరఫ్ తప్ప. మెమో వచ్చిందని మనం ఆఫీసులో కుమిలిపోతాం గానీ, మెమో రావడం కూడా ఒక హక్కే.

1946లో కేంద్రం తెచ్చిన స్టాండింగ్ ఆర్డర్ల చట్టం ఆ హక్కుని కార్మికులకి కొంత ఇచ్చింది. అది మామూలుగా 100 మందో అంతకు మించో పనిచేసే పరిశ్రమలకే వర్తించింది. 2020 నాటి కోడ్ ఆ హద్దుని 300కి పెంచింది. మట్టి నింపే చేతులకి అప్పుడూ అందలేదు, ఇప్పుడూ అందలేదు.

హక్కు ఉన్నచోటైనా సవ్యంగా నడిచిందా? మహమ్మద్ నూహ్ అనే మనిషి కథ చెబుతాను. సర్వీసు చట్టం చదివిన ప్రతి వకీలుకీ ఆ పేరు తెలుసు, మాలో చాలామందికి తెలీదు. యునైటెడ్ ప్రావిన్సెస్ పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్. అతని మీద శాఖాపరమైన విచారణ పెట్టారు. విచారణ చేసింది జిల్లా పోలీసు సూపరింటెండెంటు. మధ్యలో ఒక సాక్షి అడ్డం తిరిగాడు. అప్పుడు ఆ అధికారి ఏం చేశాడో తెలుసా? ఆ సాక్షి మాట అబద్ధమని చెప్పడానికి తానే సాక్షి అయ్యాడు. వేరే అధికారి ముందు వాంగ్మూలం ఇచ్చాడు. మళ్లీ వచ్చి అదే కుర్చీలో కూచుని, తన సాక్ష్యాన్ని తానే నమ్మి, 1948 డిసెంబరులో నూహ్‌ని బర్తరఫ్ చేశాడు. 1949లో అప్పీలు పోయింది. 1950 ఏప్రిల్‌లో రివిజనూ పోయింది. అలహాబాదు హైకోర్టు మాత్రం ఆ ఉత్తర్వు చెల్లదంది.

సర్కారు సుప్రీంకోర్టుకెళ్లింది. 1957 సెప్టెంబరు 30న తీర్పు వచ్చింది. చెప్పినవాడే తీర్పరి కావడం సహజన్యాయానికి విరుద్ధమని కోర్టు ఒప్పుకుంది. అయినా నూహ్ ఓడిపోయాడు. ఎందుకు? బర్తరఫ్ జరిగిన నాటికి రాజ్యాంగం అమలులోకి రాలేదు, అది వెనక్కి వర్తించదు అన్నారు. వివియన్ బోస్ ఒక్కడు ఆ మాటకి ఒప్పుకోలేదు, విడిగా రాశాడు. రాజ్యాంగం నూహ్‌కి 13 నెలలు ఆలస్యంగా వచ్చింది. కానీ అతని పేరు మీద నిలిచిన సూత్రం ఆ తర్వాత ఎన్నో వేల ఉద్యోగాలకి అడ్డం పడి కాపాడింది. వాళ్లలో శర్మలున్నారు, రెడ్లున్నారు, నాయుళ్లున్నారు. ఇప్పుడు మన రాష్ట్రంలో సర్కారు ఉద్యోగికి అన్నిటికన్నా చిన్న శిక్ష, అభిశంసన, వెయ్యాలన్నా ఆరోపణ రాతమూలకంగా ఇచ్చి జవాబు చెప్పుకోనివ్వాలి. 1991 నాటి నిబంధనలు ఆ మాటే అంటున్నాయి.

నాకూ ఒకసారి మెమో వచ్చింది. ఏ పత్రికో చెప్పను, ఇక్కడ దాంతో పని లేదు. ‘శుక్రవారం మధ్యాహ్నం డ్యూటీలో ఉండుటలేదని తెలియవచ్చినది’ అని రాశారు. ఎవరి వల్ల తెలియవచ్చింది? అది లేదు. ఏ శుక్రవారం? అదీ లేదు. ఫిర్యాదు కాపీ అడిగితే నోటిమాటగా వచ్చిందన్నారు. ఆ రాత్రి రెండు జవాబులు రాశాను. మొదటిది మూడు పేజీలు. అందులో నమాజు ఉంది, మా తాతలున్నారు, రాజ్యాంగం ఉంది, బాధంతా ఉంది. అది చించేశాను. రెండోది ఆరు వాక్యాలు. భోజన విరామం అందరికీ ఎంతో నాకూ అంతే. ఆ వేళలోనే బయటికెళ్లాను. ఫలానా శుక్రవారాల్లో నా పేజీలు ఫలానా వేళకి వెళ్లాయి, రిజిస్టరు చూసుకోవచ్చు. ఫిర్యాదు రాతలో ఇస్తే ఇంకా వివరంగా జవాబిస్తాను. కాపీ మీద ముట్టినట్టు సంతకం తీసుకున్నాను. మెమో ఫైలులోకి పోయింది, మళ్లీ ఎవరూ మాట్లాడలేదు. చెప్పినవాడెవడో ఈ నాటికీ నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ రెండు జవాబుల మధ్య తేడాయే నేను చెప్పదలచుకున్నది. ఉద్యోగానికి సంజాయిషీ ఇవ్వాలి. పుట్టుకకి ఇవ్వకూడదు.

తోటివాడి మీద చెప్పడమే తప్పని నేననడం లేదు. మందు తప్పిచ్చిన సంగతి చూసి ఊరుకునే నర్సు మంచిది కాదు. లంచం చూసి కళ్లు మూసుకునే గుమాస్తా మంచివాడు కాదు. చెప్పాల్సిందే. కానీ చెప్పినవాడి సంతకం ఉండాలి, పడ్డవాడి జవాబు వినాలి. ఈ మాట ముందు మా ఇళ్లకీ మా దుకాణాలకీ వర్తించాలి. మా వాళ్ల కొట్లలోనూ మేస్త్రీలున్నారు. దూదేకుల కుర్రాడి మీద ఎవడేం చెప్పినా ముందే నమ్మేసే షరీఫులు మాలోనూ ఉన్నారు. చుగ్లీ మా మాటే, దాన్ని మేం తెలుగువాళ్లకి అప్పగించి చేతులు కడుక్కోలేం.

అయితే లెక్క ఒకటుంది. 2006లో సచార్ కమిటీ చెప్పింది. జనాభాలో ముస్లింలు 13.4 శాతం. ఐఏఎస్‌లో 3, ఐపీఎస్‌లో 4, రైల్వేల్లో 4.5 శాతం. అంటే చాలా ఆఫీసుల్లో మావాడు ఒక్కడే ఉంటాడు. పదిమంది ఉన్న గుంపులో ఒకడి మీద చెబితే అది ఒకడి తప్పు. ఒక్కడే ఉన్నచోట చెబితే అది జాతి తప్పవుతుంది. “వాళ్లంతేనండి” అన్న మాట రావడానికి ఇంకొక సాక్షి అక్కర్లేదు.

ఆఫీసు దాటి బజారుకొస్తే ఇదే పెద్దదైపోతుంది. 1965లో యుద్ధమొస్తే మమ్మల్ని సంజాయిషీ అడిగారు. 1971లో అడిగారు. 1992 డిసెంబరు 6న మసీదు కూలింది మాది, సంజాయిషీ అడిగింది మమ్మల్నే. క్రికెట్ మ్యాచి ఓడినా గెలిచినా అడుగుతారు. ఈ మెమోకి తేదీ లేదు. ఫిర్యాదుదారు పేరు లేదు. అడిగేవాడే సాక్షి, వాడే తీర్పరి. నూహ్ విచారణ ఇంకా నడుస్తూనే ఉంది.

చివరగా ఆ మాట లోపలికి చూడండి. సమఝ్‌నా అన్న క్రియ సంస్కృతం నుంచి ప్రాకృతం మీదుగా వచ్చింది. దాని చివర ‘ఇష్’ అన్న పారసీ ప్రత్యయం చేరి సమ్‌ఝాయిష్ అయింది. ఈ దేశంలో రెండూ కలిసి పుట్టిన బిడ్డ అది. ఉర్దూలో దాని అర్థం నచ్చజెప్పడం, అర్థమయ్యేలా చెప్పడం. పెద్దవాడు చిన్నవాడికి చెప్పేది అది. తెలుగు కచేరీలో అది తిరగబడి, చిన్నవాడు చేతులు కట్టుకుని పెద్దవాడికి ఇచ్చుకునేదిగా మారింది.

మేం జవాబు చెప్పమనడం లేదు. ఆరోపణ రాయండి, తేదీ వెయ్యండి, సంతకం పెట్టండి. ఆరు వాక్యాల్లో జవాబిస్తాం. అది చదివాక మీరూ కూచుని, మీకెందుకు అలా అనిపించిందో మాకు అర్థమయ్యేలా చెప్పండి. సమ్‌ఝాయిష్ రెండు వైపులా నడవాల్సిన మాట.