వేరుసెనగ సాళ్ళ చరిత్ర

వ్యవసాయ చరిత్ర అనగానే మనకు కాలువలు, కరువులు, శిస్తులు జ్ఞప్తికి వస్తవి. విత్తనానికీ విత్తనానికీ నడుమ రైతు ఎంత చోటు విడిచాడన్న ప్రశ్న తోచదు. కాని మెట్టసీమలో పంట ఇల్లు చేరిందా, అప్పు మిగిలిందా అన్న విషయంలో వానతోపాటు ఆ జానెడు చోటుకూ పాత్ర ఉన్నది.

ఇంగ్లండులో జెత్రో టల్ 1701 ప్రాంతంలో విత్తే యంత్రాన్ని నిర్మించాడు. సాళ్ళలో విత్తడం ఐరోపా కనిపెట్టిన కొత్త విద్య అనుకొన్న వారిలో థామస్ హాల్కాట్ అనే సైనికోద్యోగి ఒకడు. దక్షిణ హిందూదేశంలో గొర్రును చూచిన పిమ్మట ఆయన అభిప్రాయం మారింది. అది ఇక్కడ అనాదిగా వాడుకలో ఉన్నదని ఆయన వ్రాసిన లేఖలు 1797లో అచ్చయినవి. జడ్డిగంలో పోసిన గింజ వెదురుగొట్టాలగుండా దిగి, సమానమైన ఎడంగల సాళ్ళలో పడుతుంది. సాలు తిన్నగా ఉంటేనే గుంటక నడుస్తుంది. గుంటక నడిస్తేనే కలుపు పోయి పదును నిలుస్తుంది.

దక్షిణ అమెరికాలో పుట్టిన వేరుసెనగ మన మెట్టలకు వచ్చిన తరువాత ఈ సాళ్ళ లెక్క మారవలసి వచ్చింది. తీగ రకాలు కొమ్మలను నేలమీద పాకించి ఖాళీని తామే కప్పుకొనేవి. 1940లో తిండివనం పరిశోధన కేంద్రం నుంచి టి.ఎం.వి. 2 అనే గుత్తి రకం వెలువడి, తెలుగు జిల్లాలలో దశాబ్దాల తరబడి సాగయింది. గుత్తి మొక్క నిటారుగా పెరుగుతుంది. ఊడలు మొదలు దగ్గరనే దిగి కాయలవుతవి. దూరంగా విత్తితే నడుమ నేల కలుపుపాలే.

అందుచేత వర్షాధారపు గుత్తి రకాలకు సాళ్ళ నడుమ 30, మొక్కల నడుమ 10 సెంటీమీటర్ల ఎడం సిఫారసయింది. అనగా చదరపు మీటరుకు 33 మొక్కలు. నీటివసతి ఉన్నచోట సాళ్ళ ఎడం 22.5 సెంటీమీటర్లు, మొక్కలు 44. వర్షాధారపు చేనిలో అంతకు మించి ఒత్తుగా వేస్తే బెట్టకాలంలో ఒక మొక్క తడిని మరొకటి హరిస్తుంది.

అయితే ఈ పంటకు విత్తనమే పెద్ద ఖర్చు. చేత పైకంలేని రైతు విత్తనం తగ్గిస్తాడు. పైరు పలుచబడి దిగుబడి పడిపోతుంది. మరుసటి ఏడు మళ్ళీ అదే ఇబ్బంది. పలుచని సాళ్ళను చూచి రైతుకు తెలియదనుకోవడం తొందరపాటు. రాయలసీమలో 7 సాళ్ళ వేరుసెనగకు 1 సాలు కంది వేసే పద్ధతిని మనం గమనించవచ్చును. నడుమ వాన తప్పి వేరుసెనగ దెబ్బతిన్నా, వెనుకటి వాన కందికి అందుతుంది. ఆ ఒక్క సాలే ఇంటికి పప్పు, పొయ్యికి కంప సమకూరుస్తుంది.