ప్లేగు నుంచి కోవిడ్ దాకా: తలుపు తట్టినవారి కథ

పార్లమెంటు సమావేశాలను ఏళ్ల తరబడి గమనించే విలేకరులకు కొన్ని ప్రశ్నలూ, వాటి జవాబులూ కంఠతా వచ్చేస్తాయి. ఆశా కార్యకర్తల ప్రశ్న అలాంటిదే. వారిని ఉద్యోగులుగా గుర్తించి వేతనం ఎందుకివ్వరని ఏదో ఒక రాష్ట్రం సభ్యుడు అడుగుతాడు. వారు సమాజ ఆరోగ్య వాలంటీర్లు కనుక చేసిన పనిని బట్టి ప్రోత్సాహకమే ఉంటుందని మంత్రి చెబుతారు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు మార్గదర్శకాల్లో రాసుకున్న మాట అది. ప్రభుత్వాలు మారాయి కానీ ఆ మాట మారలేదు. స్వచ్ఛంద సేవ అన్న గౌరవప్రదమైన పదం ఒక జీతం బిల్లును ఎగ్గొట్టే సాకుగా ఎలా మారిందో తెలియాలంటే, 1896 నాటి బొంబాయి దగ్గర మొదలుపెట్టాలి.

ఆ ఏడాది సెప్టెంబరులో రేవుకు ఆనుకుని ఉన్న మాండ్వీలో డాక్టర్ అకాసియో వియేగస్ ప్లేగును గుర్తించారు. ధాన్యపు గిడ్డంగులు, వాటి నిండా ఎలుకలు, ఆ పక్కనే ఇరుకు గదుల్లో కూలీల కాపురాలు. వ్యాధి ఎలా పాకుతుందో అప్పటికి శాస్త్రానికే సరిగా తెలియదు. తెలియని శత్రువు మీద ప్రభుత్వం తనకు తెలిసిన ఆయుధాన్నే ప్రయోగించింది. 1897 ఫిబ్రవరి 4న అంటువ్యాధుల చట్టం వచ్చింది. మొత్తం నాలుగే సెక్షన్లు. ప్రభుత్వం అవసరమనుకున్న ఏ చర్యనైనా తీసుకోవచ్చు, ధిక్కరించినవారిని శిక్షించవచ్చు, చట్టం కింద సద్బుద్ధితో పనిచేసిన అధికారిపై దావా వేయరాదు. ప్రజలకు నచ్చజెప్పడమన్న ఊహే ఆ కాగితంలో లేదు.

అంతకుముందే బొంబాయి మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్ ఆసుపత్రి మీద దాడి చేశారు. ఆసుపత్రికి తీసుకుపోతే తిరిగిరారన్న భయం వారిది. రోగుల్లో ఎక్కువమంది నిజంగానే తిరిగి రాలేదు కనుక దాన్ని వట్టి మూఢనమ్మకమని కొట్టిపారేయలేం. లక్షలాది మంది ఊరు విడిచి పోయారు, వారితోపాటే వ్యాధీ ప్రయాణించింది. పుణెలో ఐసీఎస్ అధికారి వాల్టర్ చార్లెస్ ర్యాండ్ సైనికులను ఇళ్లలోకి పంపాడు. దేవుడి గదుల్లోకి బూట్లతో వచ్చారని, ఆడవాళ్లను బహిరంగంగా పరీక్షించారని, సామాన్లు తగలబెట్టారని ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఆ ఫిర్యాదులను ఇంగ్లండులో వినిపించిన గోఖలే, వాటికి సాక్ష్యం తేలేక తిరిగొచ్చాక క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. పుణె నుంచి ఆయనకు ఉత్తరాలు రాసినవారు సాక్ష్యానికి ముందుకు రాలేదు. జూన్ 22న, విక్టోరియా రాణి వజ్రోత్సవం రాత్రి, చాపేకర్ సోదరులు ర్యాండ్‌ను కాల్చారు. తిలక్‌కు రాజద్రోహం కింద 18 నెలల కఠిన శిక్ష పడింది. పాఠ్యపుస్తకాల్లో పుణె ప్లేగు కథ ఇక్కడితో ముగుస్తుంది.

అదే పుణె శివార్లలో అదే సమయంలో జరిగిన మరో కథ పాఠ్యపుస్తకాల్లోకి ఆలస్యంగా వచ్చింది. సావిత్రీబాయి ఫూలే, ఆమె పెంపుడు కొడుకు డాక్టర్ యశ్వంత్ ఊరి వెలుపల ప్లేగు రోగులకు చికిత్సాలయం పెట్టారు. ముంఢ్వా సమీపంలోని దళితవాడలో ఒక పిల్లవాడికి వ్యాధి సోకిందని తెలిసి, ఆమె వాణ్ని వీపున వేసుకుని తీసుకొచ్చారు. అప్పటికి ఆమె వయసు 66. పిల్లవాడు బతికాడు. ఆమెకు వ్యాధి అంటుకుంది. 1897 మార్చి 10న కన్నుమూశారు. పుణెలో సైనిక సోదాలు మొదలైంది ఆ నెలలోనే. ఆ వాడవాళ్లు పిల్లవాణ్ని ఆమె చేతికి ఇచ్చారంటే, వెనుక అర్ధ శతాబ్దపు పరిచయం ఉంది: బడులు, సత్యశోధక సమాజం, ఫూలే దంపతులు దళితులకు తెరిచి ఉంచిన తమ ఇంటి నీళ్లతొట్టి. అలాంటి నమ్మకాన్ని ఆపద వచ్చిన వారంలో పుట్టించడం ఎవరి తరమూ కాదు.

బలప్రయోగం బెడిసికొడుతోందని ప్రభుత్వానికి తెలిసిరావడానికి మరో ఏడాది పట్టింది. 1898 మార్చిలో బొంబాయి మదన్‌పురాలో నేతపనివారి ఇంటి నుంచి ఒక బాలికను తీసుకెళ్లబోతే అల్లర్లు చెలరేగాయి. ఆ తర్వాత పద్ధతి మారింది. కులపెద్దలను, మతపెద్దలను వెంటబెట్టుకుని వెళ్లడం, ఏ కులానికి ఆ కులం పెట్టుకున్న ఆసుపత్రులను అనుమతించడం పెరిగింది. హాఫ్‌కిన్ టీకాపై తన ఇస్మాయిలీ అనుచరుల సందేహం తీర్చడానికి యువ ఆగాఖాన్ అందరి ముందూ తానే టీకా వేయించుకున్నాడు. పద్ధతి పనిచేసింది. కాకపోతే పెద్దలున్న కులాలకే ఆసుపత్రులు వచ్చాయి. ఏ పెద్దా లేనివారి సంగతేమిటన్న ప్రశ్న అలాగే మిగిలింది.

కలకత్తాలో ఆ ప్రశ్నకు కొంత సమాధానం దొరికింది. 1898లో ప్లేగు వార్త వినగానే నగరం పరుగులు తీసింది. అప్పటికి ఏడాది వయసున్న రామకృష్ణ మిషన్ తరఫున వివేకానందుడు భయపడవద్దని, వదంతులు నమ్మవద్దని కరపత్రం వేయించాడు. మరుసటి ఏడాది సిస్టర్ నివేదిత కార్యదర్శిగా, స్వామి సదానంద పర్యవేక్షకుడిగా బాగ్‌బజార్, శ్యాంబజార్ బస్తీల్లో శుభ్రతా పని మొదలైంది. మనుషులు చాలకపోతే నివేదిత తానే చీపురు పట్టి వీధి ఊడ్చారని, అది చూసి సిగ్గుపడిన కుర్రాళ్లు చీపుళ్లు అందుకున్నారని చెబుతారు. తడి గుడిసెలో ప్లేగు సోకిన పసివాణ్ని ఒళ్లో పెట్టుకుని ఆమె కూర్చున్న దృశ్యాన్ని రాసిపెట్టిన వైద్యుడు రాధాగోవింద కర్. ఇటీవల ఘోరమైన కారణంగా దేశమంతటికీ పరిచయమైన కోల్‌కతా ఆసుపత్రి ఆయన పేరిటిదే.

1918 ఇన్‌ఫ్లుయెంజా నాటికి ప్రభుత్వం చేతులెత్తేసింది. వైద్యుల్లో చాలామంది యుద్ధంలో ఉన్నారు, వానలు ముఖం చాటేశాయి, ధరలు మండిపోతున్నాయి. తక్కువ అంచనాల ప్రకారం చూసినా కోటికి పైగా ప్రాణాలు పోయాయి. బొంబాయిలో యూరోపియన్లు వెయ్యికి 8 మంది చొప్పున మరణిస్తే, నిమ్న కులాల హిందువులు 61 మందికి పైగా మరణించారు. ఈ ఖాళీలోకి వచ్చింది స్వచ్ఛంద సంస్థలే. ఎన్.ఎం. జోషి స్థాపించిన సోషల్ సర్వీస్ లీగ్ బొంబాయి పేటల్లో మందులు పంచింది. సూరత్ జిల్లాలో కల్యాణ్‌జీ మెహతా, దయాళ్‌జీ దేశాయ్ తమ ఆశ్రమాల విద్యార్థులతో ఊళ్లు తిరిగారు. చదువుకున్నవారు పేదల సాయానికి ఇంత పెద్దఎత్తున ముందుకు రావడం మునుపెన్నడూ లేదని ప్రభుత్వ శానిటరీ కమిషనరే తన నివేదికలో ఒప్పుకున్నాడు.

ఈ సేవ రాజకీయంగా వృథా పోలేదు. 1917 ప్లేగులో అహ్మదాబాద్ మునిసిపాలిటీ పారిశుద్ధ్య సంఘం అధ్యక్షుడిగా నగరం విడవకుండా నిలబడిన వల్లభ్‌భాయ్ పటేల్, మందుల సంచితో తిరిగిన కల్యాణ్‌జీ మెహతా, పదేళ్ల తర్వాత బార్డోలీ సత్యాగ్రహంలో ఒక్కచోట కనిపిస్తారు. తెలుగునాట 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రామదండు బెజవాడ కాంగ్రెస్ సభల్లో, చీరాల–పేరాల ఉద్యమంలో నిలిచినప్పటికి, దేశంలో వాలంటీరు అంటే జీతం తీసుకోనివాడన్న అర్థం కన్నా ప్రభుత్వానికి జవాబుదారీ కానివాడన్న అర్థమే బలంగా ఉంది. జీతం తీసుకోకపోవడం అప్పుడు స్వేచ్ఛకు గుర్తు.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ లెక్క తలకిందులైంది. మన ప్రభుత్వమే కదా అన్న ధీమాతో వలస ప్రభుత్వపు పద్ధతులను మనమూ వాడుకున్నాం. ఎమర్జెన్సీలో, 1976–77 ఒక్క ఏడాదిలోనే, 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. ముజఫర్‌నగర్‌లో ఎదిరించినవారిపై కాల్పులు జరిగాయి. ఆ ప్రభుత్వం ఎన్నికల్లో ఓడిపోయింది, కేసు మూసేశామనుకున్నాం. పాతికేళ్ల తర్వాత అదే పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో పోలియో చుక్కల సీసాతో తలుపు తడితే లోపలి నుంచి వినిపించిన ప్రశ్న: ఇవి మా పిల్లలకు సంతానం లేకుండా చేసే చుక్కలా? దాన్ని అజ్ఞానమని రాసిన వార్తలు కోకొల్లలు. నాకది జ్ఞాపకంలాగే కనిపిస్తుంది. పైగా, ఏ జబ్బుకూ డాక్టరు దొరకని పేటకు ఈ ఒక్క మందే పదేపదే, ఉచితంగా, ఇంటికే ఎందుకొస్తోందన్న అనుమానంలో తర్కం లేకపోలేదు.

2002లో దేశంలో 1,600 పోలియో కేసులు నమోదయ్యాయి, అత్యధికం ఉత్తరప్రదేశ్‌లో. బాధితుల్లో ముస్లిం పిల్లల వాటా జనాభాలో వారి వాటాను మించిపోయింది. ఆ దశలో యూనిసెఫ్, ఇతర సంస్థలు కలిసి అల్లిన సోషల్ మొబిలైజేషన్ నెట్‌వర్క్ అసలైన మలుపు. అదే మొహల్లాలో ఉండే స్త్రీని ఎంచుకుని కొన్ని వందల ఇళ్లు అప్పగించారు. గర్భిణులెవరు, కొత్తగా పుట్టినవారెవరు, పెళ్లికి వేరే ఊరెళ్లిన కుటుంబమేది, అన్నీ ఆమె పుస్తకంలో ఉంటాయి. చుక్కలు పడిన ఇంటి తలుపు మీద సుద్దతో ‘పి’, పిల్లలు లేకున్నా తల్లిదండ్రులు ఒప్పుకోకున్నా ‘ఎక్స్’. ఎక్స్ గుర్తును పి గుర్తుగా మార్చడమే ఆమె ఉద్యోగం. అలీగఢ్, జామియా విశ్వవిద్యాలయాలు కలిసివచ్చాయి, ఇమాములు మసీదు మైకుల్లో చెప్పారు. అయినా చివరి మాట గడపలో ఆమెదే. ర్యాండ్ సైనికుడికి సాయంత్రానికి బారక్‌కు తిరిగి వెళ్లే వీలుంది. ఈమె మర్నాడు అదే కుళాయి దగ్గర నీళ్లు పట్టుకోవాలి. బెదిరించి బతకలేదు, అబద్ధం చెప్పి తప్పించుకోలేదు.

ఆమె చెవిన పడ్డ మాటలు పైకి చేరడం మరో మేలు. చుక్కలు సరే, మురుగు కాలువ మాటేమిటని జనం అడిగారు. డ్రైనేజీ వేసేదాకా చుక్కలు వేయనివ్వబోమని పట్టుబట్టిన పేటలున్నాయి. మురికినీళ్లు, విరేచనాలు పోలియోకు నిజంగానే ఊతం ఇస్తాయి కనుక జనం అడిగిందే వైద్యపరంగానూ సరైనది. 2009లో, ప్రపంచ పోలియో కేసుల్లో సగానికి దగ్గరగా 741 మన దేశంలోనే ఉన్న ఏడాది, ఉత్తరప్రదేశ్, బిహార్‌లలో 107 బ్లాకులకు పారిశుద్ధ్యం, నీరు, విరేచనాల నివారణ కలిపి ప్రణాళిక వచ్చింది. చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో. 2014 మార్చి 27న దేశాన్ని పోలియో రహితంగా ధ్రువీకరించారు. వ్యాధి పోయాక నిధులు తగ్గాయి, నిధులతోపాటు ఆ నెట్‌వర్కూ కుంచించుకుపోయింది. ఆ మొహల్లా స్త్రీల దగ్గరున్న పుస్తకాల్లోని జ్ఞానానికి ఏ ప్రభుత్వ శాఖా వారసత్వం అడగలేదు.

2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు మన చేతికి మొదట తగిలింది మళ్లీ 1897 చట్టమే. తబ్లీగీ జమాత్ పేరు చెప్పి ఒక సమాజాన్ని వేలెత్తి చూపిన వారాల్లో కొన్ని పేటలు తలుపులు మూసుకున్నాయి, సర్వేకు వెళ్లిన కార్యకర్తలపై దాడులు జరిగాయి. ఏప్రిల్ 22న ఆర్డినెన్సు తెచ్చి అలాంటి దాడులకు ఏడేళ్ల వరకూ శిక్ష పెట్టారు. 123 ఏళ్ల చట్టంలో తలుపు తట్టే మనిషి ప్రస్తావన అలా మొదటిసారి వచ్చింది. ఆమెకు కోవిడ్ పనికి అదనంగా ఇచ్చింది నెలకు 1,000 రూపాయలు. ఆగస్టులో మాస్కులు, రక్షణ దుస్తులు, వేతనం కోసం లక్షలాది ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు రెండు రోజులు సమ్మె చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 50 ఇళ్లకొకరు చొప్పున 5,000 రూపాయల గౌరవ వేతనంతో నియమించిన వాలంటీర్లు వారితో కలిసి ఇంటింటి సర్వేలు చేశారు. అధికార పార్టీ మనుషులన్న ముద్ర ఆ వ్యవస్థను వదల్లేదు. 2024లో ఎన్నికల సంఘం వారిని పింఛన్ల పంపిణీకి దూరంగా ఉంచింది, ప్రభుత్వం మారాక వ్యవస్థే కొనసాగలేదు. రాజకీయ నియామకానికి స్వచ్ఛంద సేవ అని పేరు పెడితే ఏమవుతుందో అక్కడ చూశాం.

2022 మే 22న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశా కార్యకర్తలకు ప్రపంచ ఆరోగ్య నాయకుల అవార్డు ప్రకటించింది. ఢిల్లీ నుంచి అభినందనలు కురిశాయి. ప్రజారోగ్యంలో దేశానికి ఆదర్శమని చెప్పుకునే కేరళలో 2025 ఫిబ్రవరి 10న ఆశాలు సచివాలయం ముందు కూర్చున్నారు, గౌరవ వేతనం 21,000 చేయాలని. యాభయ్యో రోజున కొందరు జుట్టు కత్తిరించుకుని నిరసన తెలిపారు. అప్పటి అక్కడి వామపక్ష ప్రభుత్వం బాధ్యత కేంద్రానిదంది, కేంద్రం ఆరోగ్యం రాష్ట్రాల అంశమంది. ఆ జులైలో కేంద్రం పార్లమెంటుకు చెప్పిన ప్రకారం వారి నెలవారీ స్థిర ప్రోత్సాహకం 2,000 నుంచి 3,500 రూపాయలకు పెరిగింది. జవాబులో ‘వేతనం’ అన్న మాట లేదు.